ముందు పదో తరగతి మెమో వెతకండి, లాయరు ఫీజు సంగతి తర్వాత

అమ్మా, మీ అబ్బాయికి పదహారేళ్లని, స్నేహితులతో కలిసి బైకు ఎత్తుకెళ్లాడని పోలీసులు పట్టుకున్నారని, రేపు పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్తారని, ఒంగోలులో ఒక లాయరు యాభై వేలు అడిగాడని రాశారు. మాది కావలి. మూడేళ్ల కిందట మావాడూ ఇలాంటి బైకు కేసులోనే ఇరుక్కున్నాడు. నేను లాయర్ని కాను, టైర్ల కొట్టు నాది. మాకు జరిగింది చెబుతాను.

ఆ రాత్రి నేను కాగితాలు వెతకడం మానేసి పెద్దమనుషుల చుట్టూ తిరిగాను. ఒకాయన ‘తెల్లారేసరికి వదిలేస్తారులే’ అని ఇరవై వేలు తీసుకున్నాడు. తెల్లారింది, డబ్బులు పోయాయి, పిల్లోడు రాలేదు. ఈలోపు ఆధార్ చూసి వాడికి పద్దెనిమిది దాటాయని రాసుకున్నారు. ఆధార్ తీయించిన రోజు మా ఆవిడకి తేదీ గుర్తురాక సంవత్సరం ఒక్కటే చెప్పింది, ఆధార్ సెంటర్ కుర్రాడు జనవరి ఒకటి కొట్టేశాడు. వాడు పుట్టింది ఆగస్టులో. ఆ ఏడు నెలల తేడాకి సబ్‌జైలుకి పోవాల్సినవాడు! పదో తరగతి మెమో కాపాడింది. వయసుకి చట్టం మొదట చూసేది స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో. అవి లేకపోతే మునిసిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన సర్టిఫికెట్. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. నేరం జరిగిన రోజుకి 18 నిండకపోతే కేసు జువైనల్ జస్టిస్ బోర్డుకే పోవాలి.

పిల్లోణ్ణి లాకప్పులో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, 24 గంటల్లోపు బోర్డు ముందు పెట్టాలి. ప్రయాణం టైము అందులోకి రాదు. వాడి చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించుకోకూడదు. మామూలు దొంగతనానికి పిలకాయల మీద ఎఫ్ఐఆర్ కూడా కట్టరట, డైరీలో రాసుకుని బోర్డుకి పంపుతారట. మా కేసులో పంతొమ్మిదేళ్ల వాడు ఒకడు కలిశాడు కాబట్టి కట్టారు. మీవాడి జట్టులో పెద్దవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోండి.

ఇక ఆ యాభై వేలు. ఇవ్వొద్దనే నా మాట. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. పిల్లల కేసుకి మీ ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఫ్రీ లాయరంటే పట్టించుకోడని మా బావమరిది ఒకటే సణుగుడు. మాకిచ్చిన లాయరమ్మాయికి నిండా ముప్పై ఏళ్లు కూడా లేవు, కానీ ‘మెమో ఏది?’ అని మొదట అడిగింది ఆమే.

పిల్లలకి బెయిలు ఇవ్వడమే పద్ధతి, నాన్ బెయిలబుల్ సెక్షనైనా సరే. వదిలితే మళ్లీ నేరగాళ్ల చేతుల్లో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి అడ్డమనో అనిపిస్తేనే ఆపుతారు. అందుకే ఇంటి మనిషి ఒకరు ‘నేను చూసుకుంటా’ అని నిలబడాలి. మీ ఆయన డ్యూటీ అని తప్పుకుంటే ఒప్పుకోకండి. ఇద్దరూ వెళ్లండి.

తర్వాత ప్రొబేషన్ ఆఫీసరు ఇంటి సంగతులు కనుక్కుంటారు. మా ఆవిడ భయపడి వాడు రోజూ కాలేజీకి పోతున్నాడని చెప్పింది. అటెండెన్సు చూస్తే రెండు నెలలుగా పోవట్లేదు. సిగ్గుతో చచ్చాం. ఆయన మంచాయన కాబట్టి మళ్లీ మొదట్నుంచి అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పండి, బోర్డు ఆ రిపోర్టునే చదువుతుంది.

విచారణ నాలుగు నెలల్లో తేలాలి, మహా అయితే ఇంకో రెండు నెలలు. మావాణ్ణి మందలించి, కౌన్సెలింగ్‌కి పంపారు, అంతే. రేపు ఉద్యోగానికి అడ్డమేమో అని నాకూ నిద్ర పట్టలేదు. బోర్డులో తేలిన కేసు వాడి భవిష్యత్తుకి అనర్హత కాదని చట్టంలోనే ఉంది. పేరు, ఫోటో పేపర్లో వేయడం కూడా నేరం. మా వీధి వాట్సాప్ గ్రూపులో మాత్రం ఫోటో తిరిగింది, అది వేరే కథ.

రేపు ఒరిజినల్ మెమో చూపించి, జెరాక్సు ఇచ్చి, ఒరిజినల్ చేతిలో పెట్టుకుని వెనక్కి రండి. నేను ఇచ్చేసి, దానికోసం మూడు వారాలు తిరిగాను.