క్యామ్‌కార్డర్ నుంచి లైవ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా హ్యాండీక్యామ్‌ని యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపితే మెమరీ కార్డులో ఉన్న ఫైళ్లు కనిపిస్తున్నాయి గానీ, ఎదురుగా జరుగుతున్నది రావడం లేదు. ఏ డ్రైవర్ వేసుకోవాలి?
- ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: డ్రైవర్ కోసం వెతకొద్దండి, దొరకదు. చాలా క్యామ్‌కార్డర్లలో యూఎస్‌బీ ఉన్నది ఫైళ్లు కాపీ చేసుకోవడానికి, కొన్నిట్లో ఛార్జింగుకి. మెనూలో ‘యూఎస్‌బీ స్ట్రీమింగ్’ అని విడిగా ఉంటే తప్ప ఆ వైరులో లైవ్ బొమ్మ రాదు. అది బయటికొచ్చే దారి హెచ్‌డీఎంఐ, అంటే టీవీకి కలిపే పోర్టు. దాన్ని ల్యాప్‌టాప్‌కి అందించడానికి మధ్యలో క్యాప్చర్ కార్డు కావాలి.

వైరు కొనేముందు కెమెరా పోర్టు వెడల్పు స్కేలు పెట్టి కొలవండి. సుమారు 14 మిల్లీమీటర్లుంటే మామూలు హెచ్‌డీఎంఐ, 10 అయితే మినీ, 6 అయితే మైక్రో. మైక్రో పోర్టు చాలా సున్నితం. వైరు బరువు దాని మీద వేలాడితే లోపల టంకం ఊడుతుంది. వైరుని ట్రైపాడ్ కాలికి టేపుతో కట్టేయండి. పొడవు 5 మీటర్లు దాటకుండా చూసుకోండి.

బొమ్మ నల్లగా ఉంటే ముందు కెమెరాని టీవీకి పెట్టి చూడండి. టీవీలోనూ రాకపోతే తప్పు వైరుదో కెమెరాదో. టీవీలో వచ్చి ల్యాప్‌టాప్‌లో రాకపోతే, క్యాప్చర్ కార్డుని ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉందేమో చూడండి. వీడియో కాల్ ప్రోగ్రామ్ వెనక తెరిచి ఉంటే లైవ్ పంపే ప్రోగ్రామ్ ఓబీఎస్‌కి బొమ్మ దక్కకపోవచ్చు.

బొమ్మ వస్తోంది గానీ గెంతుతోందంటే అది చవక కార్డుల్లో మామూలుగా కనిపించే లక్షణం. అవి యూఎస్‌బీ 2 మీద నడుస్తాయి. బొమ్మని కుదించకుండా పంపే వైయూవై2 పద్ధతిలో 1080 బొమ్మ ఒక్కొక్కటి సుమారు 4 ఎంబీ. సెకనుకి 25 బొమ్మలంటే 100 ఎంబీ పైమాటే. యూఎస్‌బీ 2 లెక్క ప్రకారమే 60 ఎంబీ మించి మోయలేదు. ఓబీఎస్‌లో వీడియో క్యాప్చర్ డివైస్ ప్రాపర్టీస్ తెరిచి, రిజల్యూషన్‌ని ‘కస్టమ్’ చేసి, వీడియో ఫార్మాట్ దగ్గర బొమ్మని కుదించి పంపే ఎంజేపెగ్ ఎంచుకోండి. గెంతులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

ప్రశ్న: లైవ్ పెట్టిన ఐదు నిమిషాలకే కెమెరా ఆగిపోతోంది. పైగా బ్యాటరీ గుర్తు, టైము అన్నీ చూసేవాళ్లకి కూడా కనిపిస్తున్నాయి.
- ఒక పాఠకురాలు, పలాస

జవాబు: రికార్డింగ్ బటన్ నొక్కలేదు కాబట్టి తనకి పని లేదనుకుని కెమెరా నిద్రపోతోంది. మెనూలో పవర్ సేవ్ లేదా ఆటో పవర్ ఆఫ్ తీసేయండి. గోడ అడాప్టర్ మీదే నడపండి. అలాగే మెమరీ కార్డులో రికార్డింగ్ కూడా పెట్టండి. నెట్ పోయినా కార్యక్రమం మీ చేతిలో ఉంటుంది, అందుకని ఈ అలవాటు మాకు చాలా ఇష్టం. గుర్తులు పోవాలంటే మెనూలో డిస్‌ప్లే అవుట్‌పుట్‌ని ‘ఎల్‌సీడీ’ వరకే ఉంచండి. కొన్ని మోడళ్లలో అదే ‘హెచ్‌డీఎంఐ ఇన్ఫో డిస్‌ప్లే’ పేరుతో ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయాలి.

ప్రశ్న: పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మేడ మీంచి లైవ్ పెట్టాం. పొద్దున్న టెస్ట్ చేస్తే అద్దంలా ఉంది. సిరిమాను కదిలేసరికి ఆగి ఆగి వచ్చింది. 1080పీ, బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) 6000 కేబీపీఎస్, ఫోన్ హాట్‌స్పాట్. కెమెరా మార్చాలా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కెమెరాది ఏమీ లేదు. మూడులాంతర్ల నుంచి కోట వరకు ఇసుక వేస్తే రాలనంత జనం. అందరి జేబులోనూ ఫోను, సగం మంది వీడియో పంపుతూనే ఉంటారు. ఆ చుట్టుపక్కల టవర్లన్నీ ఆ జనమే పంచుకోవాలి. పొద్దున్న ఖాళీ వీధిలో వచ్చిన స్పీడు సాయంత్రానికి లెక్కలోకి రాదు.

తప్పు ఎక్కడుందో ఓబీఎస్‌లోని స్టాట్స్ కిటికీ చెబుతుంది. ‘డ్రాప్డ్ ఫ్రేమ్స్’ పెరిగితే నెట్‌ది. ‘ఎన్‌కోడింగ్ ల్యాగ్’ పెరిగితే ల్యాప్‌టాప్ మోయలేకపోతోంది. ‘రెండరింగ్ ల్యాగ్’ అయితే గ్రాఫిక్స్ మీద భారం ఎక్కువైంది. ఈ మూడిట్లో ఏది పెరుగుతోందో చూడకుండా కొత్త సామాను కొనొద్దు.

ఊరేగింపు దారిలోనే బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటివాళ్లని ముందే అడిగి పెట్టుకోండి. రౌటర్ నుంచి మేడ మీదకి వైఫై కాదు, నెట్ వైరు లాగండి. 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు. ఇంటర్నెట్ పెట్టెనీ రౌటర్‌నీ ఇన్వర్టర్ లైను మీద ఉంచండి. ఆ తర్వాత అప్‌లోడ్ స్పీడు నాలుగైదుసార్లు కొలిచి, వాటిలో తక్కువ వచ్చిన అంకెలో 60 శాతానికి బిట్‌రేట్ మించకుండా పెట్టండి. 4 ఎంబీపీఎస్ (అంటే 4000 కేబీపీఎస్) వస్తే 2400 దాటొద్దు. ఆ బిట్‌రేట్‌కి 720పీ చక్కగా సరిపోతుంది. కదిలే జనం మీద 1080పీ పెడితే ముఖాలు గళ్లుగళ్లుగా విరిగిపోతాయి. కీఫ్రేమ్ 2 సెకన్లు, రేట్ కంట్రోల్ సీబీఆర్ (బిట్‌రేట్‌ని నిలకడగా ఉంచేది), ఆడియో 128. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో రద్దీని బట్టి బిట్‌రేట్ దానంతటదే తగ్గించుకునే టిక్కు ఉంది, అదీ పెట్టండి. యూట్యూబ్ వైపు ‘నార్మల్ లేటెన్సీ’ ఎంచుకోండి. అమ్మవారి దర్శనం కొన్ని సెకన్లు ఆలస్యమైనా పరవాలేదు, తెగకుండా రావడం ముఖ్యం.

ఇంకో రెండు మాటలు. ఈ లెక్కన గంటకి 1.1 జీబీ పైనే ఖర్చవుతుంది. ఫోన్ డేటా తప్పనిసరైతే రోజువారీ కోటా మధ్యలో అయిపోకుండా చూసుకోండి. కొత్త చానల్‌కి లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. పండగ రోజు పొద్దున్న మొదలెడితే కుదరదు.

ప్రశ్న: వీణ కచేరీ లైవ్‌లో మీటు వినిపించాక వేలు కదులుతోంది. ధ్వని మిక్సర్ నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌లోకి ఇచ్చాం. సన్నగా గుయ్‌మని హోరు కూడా ఉంది.
- ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: బొమ్మ క్యాప్చర్ కార్డులో నలిగి ఆలస్యంగా వస్తోంది, ధ్వని అడ్డదారిన ముందే చేరుతోంది. కెమెరా ముందు, మైకు దగ్గరగా ఒక్క చప్పట్టు కొట్టి ఓబీఎస్‌లో రికార్డు చేయండి. చప్పుడుకీ, చేతులు కలిసిన బొమ్మకీ మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెట్టండి. 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. నాలుగు ఫ్రేములు తేడా ఉంటే అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో, మిక్సర్ ఎదురుగా ఉన్న సింక్ ఆఫ్‌సెట్‌లో 160 వేయండి.

మొదట సరిగ్గా ఉండి గంట గడిచేసరికి తేడా పెరుగుతుంటే ఆఫ్‌సెట్‌తో పోదు. మిక్సర్ గడియారం, కార్డు గడియారం వేరువేరుగా నడుస్తున్నాయన్నమాట. ముందు అన్నిటి ఆడియో శాంపిల్ రేటునీ 48 కిలోహెర్ట్‌జ్‌కి మార్చి చూడండి. అప్పటికీ జారితే మిక్సర్ లైన్ అవుట్‌ని కెమెరా మైక్ సాకెట్‌కే ఇచ్చేయండి. అప్పుడు బొమ్మా ధ్వనీ ఒకే హెచ్‌డీఎంఐలో కలిసి ప్రయాణిస్తాయి. మధ్యలో ధ్వని స్థాయిని తగ్గించే అటెన్యుయేటర్ వైరు మాత్రం ఉండాలి. లైన్ స్థాయి ధ్వని నేరుగా మైక్ సాకెట్‌లోకి వెళితే వీణ నాదం చిరిగిపోతుంది.

హోరు సంగతికొస్తే, ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి వినండి. ఆగిపోతే అది ఎర్త్ లూప్, అంటే రెండు పరికరాలూ వేర్వేరు దారుల్లో ఎర్త్‌కి కలవడం వల్ల వచ్చే హోరు. మిక్సర్‌నీ ల్యాప్‌టాప్‌నీ ఒకే బోర్డు నుంచి నడపండి, ఆడియో వైరులో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసే పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. షాక్ కొట్టేది వేదిక మీద మైకు పట్టుకున్నవాళ్లకి.

ప్రశ్న: లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. చెయ్యి ఊపితే దువ్వెన పళ్లలాంటి గీతలు.
- ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: మన కరెంటు 50 హెర్ట్‌జ్. షట్టర్‌ని మాన్యువల్ చేసి 1/50 లేదా 1/100 పెట్టండి. గీతలు 1080ఐ (ఒక్కో బొమ్మని రెండు సగాలుగా పంపే పద్ధతి) వల్ల వస్తున్నవి. ఓబీఎస్‌లో ఆ సోర్సు మీద రైట్ క్లిక్ చేసి డీఇంటర్లేసింగ్‌లో ‘యాడిఫ్’ ఎంచుకోండి. కెమెరా మెనూలో ప్రోగ్రెసివ్ ఉంటే అదే పెట్టుకోండి, ల్యాప్‌టాప్‌కి ఆ పని తప్పుతుంది.