ఆదివారం ఉత్సాహం సోమవారానికి మిగలడం లేదా?

సోదరీ, ఆదివారం ఆరాధనలో కలిగే ఉత్సాహం సోమవారం బస్సెక్కేసరికే పోతోందని, సంఘంలో ఇతరులు దేవుడు తమకు చేసిన మేలు గురించి చెప్పే సాక్ష్యాలు వింటుంటే మీకొక్కరికే ఏమీ జరగడం లేదనిపిస్తోందని రాశారు. మామూలు రోజుల్లో ప్రేరణ ఎక్కడ దొరుకుతుంది, విసుగు చెందకుండా విశ్వాసంలో నిలబడటం ఎలా అని అడిగారు. నేను పాస్టరును కాను. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాసే గుమస్తాను. నా అనుభవంలోంచి చెబుతాను.

ప్రేరణ కోసం వెతకడం కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మీరు ఒకరోజు రాకపోతే ఎవరికో ఒకరికి లోటు తెలిసే పని ఏదైనా చేతికి తీసుకోండి. నన్ను నిలబెట్టింది అదే.

మిర్చి సీజన్‌లో, ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, మాకు తెల్లవారకముందే పని మొదలవుతుంది. ఆ రోజు ధర తేల్చే జెండా పాట (వేలం) అయ్యేదాకా ఊపిరి సలపదు. ఆ తరువాత కాంటాలు, రైతుకిచ్చే అమ్మకం చీటీలైన తక్‌పట్టీలు, హమాలీల లెక్కలు. ఘాటుకు కళ్ళు మండుతూ, దగ్గుతూ ఇల్లు చేరినవాడికి బైబిలు తెరవాలన్న కోరిక ఎక్కడి నుంచి పుడుతుంది? నాకైతే పుట్టేది కాదు. మోకరిస్తే నిద్ర ముంచుకొచ్చేది. పొద్దున్నే వాట్సాప్‌లో గులాబీ పువ్వుల పక్కన వచ్చే వాగ్దాన వాక్యాలు కూడా పనిచేయలేదు. వాటిని పంపేవారి ప్రేమను తక్కువ చేయడం లేదు, కానీ నాకు అంటలేదు.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేది. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళింది. చదువు రాదు. చూపు తగ్గాక గుడికి రావడం కూడా కష్టమైంది. సాయంత్రం ఇంటికి వచ్చే దారిలో ఆమెకు కాస్త వాక్యం చదివి వినిపించమని మా అమ్మ నాకు చెప్పింది. వీలవుతుందా అని అడగలేదు, పని అప్పగించింది. గడపలో కూర్చుని ఎదురుచూసే మనిషిని దాటుకుని వెళ్ళలేం కదా, ఆగేవాణ్ణి. చాలా సాయంత్రాలు నోరు మాత్రమే చదివేది, మనసు రేపటి బస్తాల దగ్గర ఉండేది. ఆమెకు ఆ తేడా తెలిసేది కాదు, తెలిసినా పట్టించుకునేది కాదు. ఒకరోజు 13వ కీర్తన చదివాను. దేవుడు తనను ఎన్నాళ్ళు మరచిపోతాడని దావీదు అడిగే కీర్తన అది. "రాజు కూడా ఇలా అడిగాడా బిడ్డా? మళ్ళీ చదువు" అంది. రెండోసారి చదివినప్పుడు నేనూ విన్నాను.

మా అమ్మ కూడా ఎవరికీ ఉపదేశం చేసే మనిషి కాదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్ళేది. పాత సంఘాల్లో పెరిగినవారికి ఈ పిడికెడు బియ్యం తెలిసే ఉంటుంది. నాకు ఇందులో నచ్చేది దానం కన్నా దాని వేళ. అన్నం రోజూ వండాలి కాబట్టి పిడికెడు కూడా రోజూ తీయాలి. ఆ పూట అమ్మ సంతోషంగా ఉందా, నాన్న మీద కోపంగా ఉందా అన్నదానితో డబ్బాకు సంబంధం లేదు.

కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే దారిలో డోర్నకల్ దగ్గర దిగి అక్కడి కెథడ్రల్, అంటే బిషప్ గారి ప్రధాన చర్చి, ఎప్పుడైనా చూడండి. మసీదు గుమ్మటాలు, దేవాలయ మండప స్తంభాలు కలిసిన కట్టడం. దాన్ని కట్టించిన వి.ఎస్. అజరయ్య గారు తమిళులు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939లో. అందరూ ఆ రెండు ఘట్టాల గురించే చెబుతారు. నాకు మాత్రం నడుమనున్న 27 ఏళ్ళలో ఎద్దులబండి మీద పల్లెపల్లెకూ తిరిగిన తిరుగుళ్ళే గుర్తుకొస్తాయి.

సాక్ష్యాల సంగతీ అంతే. సాక్ష్యం చెప్పేవారు కథ ఒక కొలిక్కి వచ్చాకే మైకు పట్టుకుంటారు. మీరింకా కథ మధ్యలో ఉన్నారు, పోలిక కుదరదు. లూకా 18లో అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరికి పదేపదే వెళ్ళిన విధవరాలిని చూడండి. ఆమెకు ఉత్సాహం ఉందో లేదో ప్రభువు ఒక్క మాట చెప్పలేదు. వెళ్తూనే ఉందని మాత్రం చెప్పాడు.

ఇంకొకటి. మీరు రాసినదాన్ని బట్టి మీకు నిద్ర చాలడం లేదనిపిస్తోంది. బైబిలులో, ప్రార్థనకు జవాబుగా కర్మెలు కొండ మీద అగ్ని దిగివచ్చిన తరువాతి అధ్యాయంలోనే ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి, తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. దేవదూత వచ్చి అతని అవిశ్వాసాన్ని గద్దించలేదు. లేచి తినమన్నాడు. రొట్టె తిని, నీళ్ళు తాగి, మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. కాబట్టి రాత్రి పదకొండు గంటలకు కళ్ళు మూతపడుతుంటే బలవంతంగా అధ్యాయాలు లెక్కపెట్టకండి, పడుకోండి. వారాల తరబడి నిద్ర, ఆకలి లేకుండా పోతే డాక్టరును కలవండి. అది విశ్వాసలోపమని ఎవరైనా అంటే వినకండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సంఘంలో సరే అన్న మనిషికి కుర్చీలు వేయడం నుంచి కోత పండుగ వంటల దాకా అన్నీ వచ్చి పడతాయి, అందులోనూ ఆడవాళ్ళకు మరీ ఎక్కువ. అలా అలిసిపోయి గుడికే దూరమైనవారిని చూశాను. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ గారిని కలిసి, ఇల్లు కదలలేని వారెవరైనా ఉన్నారా అని అడగండి. ఆమెకు తప్పకుండా తెలిసి ఉంటుంది. మీ దారిలో పడే ఇల్లు ఒక్కటే తీసుకోండి. రెండో ఇల్లు కూడా చెబితే నవ్వి తప్పించుకోండి.