పాఠకుల ప్రశ్నలు: సుగంధిపాల వేరు, ఆవిరిలో పోయే వాసన

ప్రశ్న: సుగంధిపాల వేళ్ల నుంచి వాసన పదార్థాన్ని విడదీయాలని 100 గ్రాముల పొడిని గిన్నెలో రెండు గంటలు మరిగించి, వడగట్టి, కషాయాన్ని ఇగరబెట్టాం. నల్లటి జిగురు మిగిలింది. వాసనా లేదు, స్ఫటికాలూ లేవు. ఎక్కడ పొరపాటు చేశాం?
– బి.ఫార్మసీ విద్యార్థిని, కావలి

జవాబు: మూత లేకుండా మరిగించడమే పొరపాటు. గదంతా గుమగుమలాడిందంటే మీకు కావలసింది గాల్లో కలిసిపోయినట్టే. అది 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. దాని హైడ్రాక్సిల్, ఆల్డిహైడ్ సమూహాలు పక్కపక్కనే ఉండి అణువులోనే హైడ్రోజన్ బంధం ఏర్పరచుకుంటాయి. అందుకే నీటి ఆవిరితో తేలిగ్గా లేచిపోతుంది. ఆ ఆవిరినే పట్టుకోవాలి.

నీడన ఆరిన వేళ్లు తీసుకోండి. వాసన ఎక్కువగా బెరడులోనే ఉంటుంది కాబట్టి లోపలి పుల్ల తీసేసి బెరడును బరకగా దంచండి. మెత్తగా పొడి చేస్తే నురగ పొంగి, ఆవిరిని చల్లార్చే గొట్టమైన కండెన్సర్‌లోకి ఎక్కుతుంది. 100 గ్రాములకు లీటరు నీళ్లు పోసి, రెండు లీటర్ల ఫ్లాస్కులో రెండు గంటలు నానాక స్వేదనం చేయండి. 400 మిల్లీలీటర్ల ద్రవం పట్టి, ఐసులో చల్లార్చి, 80 గ్రాముల ఉప్పు కరిగించండి. డైక్లోరోమీథేన్‌తో మూడుసార్లు, ప్రతిసారీ 50 మిల్లీలీటర్లతో కడిగి, కింది పొరను తీసుకోండి. తేమలేని సోడియం సల్ఫేట్ వేసి ఆరబెట్టి, వడగట్టి, ద్రావణిని తక్కువ వేడి మీద తొలగించండి. వ్యాక్యూమ్ ఎక్కువసేపు పెడితే సరుకూ పోతుంది.

మన ఎండలతో జాగ్రత్త. డైక్లోరోమీథేన్‌కు బదులు ఈథర్ వాడదామంటే అది 34.6 డిగ్రీలకే మరుగుతుంది, మే నెలలో దాని జోలికి పోవద్దు. మీ పదార్థం కరిగేది 41–43 డిగ్రీల దగ్గర. మలినాలుంటే ఇంకా తక్కువకే. నూనెలా మిగిలిందని పారబోయకండి, ఫ్రిజ్‌లో ఉంచితే గడ్డకడుతుంది. తర్వాత గోరువెచ్చని హెక్సేన్‌లో కరిగించి మళ్లీ స్ఫటికీకరించండి. పావు గ్రాము కూడా రాకపోతే నిరాశ పడొద్దు, వేరులో ఉండేదే అంత.

గుర్తింపులో తొందర వద్దు. వెనిలిన్‌దీ ఇదే ఫార్ములా, అణుభారం 152. ఫెర్రిక్ క్లోరైడ్‌తో రెండూ రంగునిస్తాయి. వెనిలిన్ కరిగేది మాత్రం 81–83 డిగ్రీల దగ్గర. పదార్థాలను విడదీసి చూపే సిలికా పలక మీద 9:1 హెక్సేన్–ఇథైల్ అసిటేట్‌లో రెంటినీ పక్కపక్కనే నడపండి, మీది పైకి పోతుంది.

ప్రశ్న: ఈ పదార్థం దొరికితే అంగట్లో కొన్నది సుగంధిపాలే అనుకోవచ్చా?
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: అనుకోకూడదు. మారేడు గడ్డల్లోనూ (డెకాలెపిస్ హామిల్టోనీ వేళ్లు, బిల్వ చెట్టువి కావు) ఇదే ప్రధాన వాసన పదార్థం. వేరును చూడండి: సుగంధిపాల సన్నగా, ముదురు గోధుమ రంగులో, అడ్డంగా పగిలిన బెరడుతో ఉంటుంది; మారేడు గడ్డ లావుగా, కండతో ఉంటుంది.