ఈస్ట్‌లో సిగ్నలింగ్‌కూ క్రోమోజోమ్‌ల పంపకానికీ ఏమిటి సంబంధం?

మీరు అడిగింది ఇదీ: ఎమ్మెస్సీలో సిగ్నలింగ్ అంటే హార్మోను, రిసెప్టార్, లోపలికి కబురు అని ఒక యూనిట్‌లో చెప్పారు, క్రోమోజోమ్‌లు విడిపోవడం అంటే స్పిండిల్ దారాలు లాగడం అని ఇంకో యూనిట్‌లో చెప్పారు, ఈస్ట్ లాంటి ఒంటరి కణంలో ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి, చెన్నైలో మీ ప్రాజెక్టుకు ఇది పనికొస్తుందా అని. బెంగళూరులో ఒక ఈస్ట్ ల్యాబ్‌లో ఆరేళ్లు నేను చేసింది ఇదే పని, కాబట్టి చేత్తో చేసి చూసిందే చెబుతాను.

ముందు ఒక మాట. కబురు బయటి నుంచే రావాలని ఏమీ లేదు. ఇక్కడ అది క్రోమోజోమ్ దగ్గరే పుడుతుంది, ఆ కబురు పేరు బిగువు. గంజి పెట్టిన చీర మడత పెట్టేటప్పుడు ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగుతారు చూడండి, అవతలి మనిషి వైపు చూడకపోయినా గట్టిగా పట్టుకుందో లేదో మన చేతికి తెలిసిపోతుంది. కణం చేసేదీ అదే, కాకపోతే చేతికి తెలిసిన ఆ సంగతిని ఫాస్ఫేట్ భాషలోకి మార్చుకుంటుంది.

రొట్టెల ఈస్ట్‌లో 16 క్రోమోజోమ్‌లు. ఒక్కోటి రెండవుతుంది, ఆ జంటను కోహెసిన్ అనే ప్రొటీన్ ఉంగరాలు కట్టి ఉంచుతాయి. సెంట్రోమియర్ అంటే క్రోమోజోమ్‌ను పట్టుకునే చోటు, 125 బేసుల చిన్న డీఎన్ఏ ముక్క, దాని మీద కైనెటోకోర్ అనే ప్రొటీన్‌ల గుంపు కూర్చుంటుంది, దానికి అంటుకునేది ఒకే ఒక్క మైక్రోట్యూబ్యూల్, అంటే స్పిండిల్ దారం. మన కణాల్లో ఒక్కో కైనెటోకోర్‌కు చాలా దారాలు ఉంటాయి, ఈస్ట్‌లో ఒక్కటే కావడంతో లెక్క తేలిక, అందుకే ఈ ప్రశ్నకు ఈస్ట్ అంత బాగా పనికొచ్చింది. స్పిండిల్ రెండు కొసలే ధ్రువాలు. జంటలో ఒకటి ఈ ధ్రువానికి, రెండోది ఆ ధ్రువానికి అంటుకుంటే రెండు వైపులా లాగుడు, మధ్యలో కోహెసిన్ వదలదు, బిగువు వస్తుంది. రెండూ ఒకే వైపు అంటుకుంటే బిగువు రాదు.

ఇప్పుడు ఐపీఎల్1 అనే కైనేజ్ సంగతి. కైనేజ్ అంటే ప్రొటీన్‌ల మీద ఫాస్ఫేట్ అతికించే ఎంజైమ్. మన కణాల్లో దీని సాటిది అరోరా బి. బిగువు లేనంతసేపూ ఇది కైనెటోకోర్‌లోని డామ్1, ఎన్‌డీసీ80 ప్రొటీన్‌ల మీద ఫాస్ఫేట్ అతికిస్తుంది, దాంతో పట్టు సడలి మైక్రోట్యూబ్యూల్ ఊడిపోతుంది, మళ్లీ కొత్తగా అంటుకునే అవకాశం వస్తుంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉండేది ఇదే: కణం తప్పును కనిపెట్టి విప్పడం లేదు, బిగువు వచ్చేదాకా విప్పుతూనే పోతుంది. ఒప్పు అని తేలినదే మిగులుతుంది. 2004లో ఒక ప్రయోగం చేశారు, రెండు సెంట్రోమియర్‌లున్న చిన్న గుండ్రటి క్రోమోజోమ్‌ను తయారుచేసి ఈస్ట్‌లో పెడితే అవి కూడా చెరో ధ్రువానికి సరిగ్గానే అంటుకున్నాయి, అంటే కవల కైనెటోకోర్‌లు వీపు వీపు ఆనించి నిలబడే అమరిక తప్పనిసరి కాదు, బిగువుంటే చాలు.

పాఠ్యపుస్తకాల్లో బిగువు వచ్చినప్పుడు కైనెటోకోర్ సాగి ఐపీఎల్1కు అందనంత దూరం పోతుందని బొమ్మ ఉంటుంది. బొమ్మ బాగుంటుంది కానీ దాన్నే చివరి మాటగా రాయకండి. ఐపీఎల్1ను సెంట్రోమియర్ దగ్గర కూర్చోబెట్టే ఎస్ఎల్ఐ15 ప్రొటీన్‌లో ఆ భాగం కోసేసినా ఈస్ట్ బాగానే బతికిందని 2013లో తేలింది. అంతకుముందు 2010లో కైనెటోకోర్‌లను శుద్ధి చేసి, లేజర్ కాంతితో పట్టి లాగే లేజర్ ట్రాప్‌తో లాగి చూస్తే, ఒక మోస్తరు లాగుడుకు పట్టు ఇంకా ఎక్కువసేపు నిలిచింది. అంటే బిగువు తిన్నగా కూడా పట్టును గట్టిపరుస్తోంది. వైవాలో ఈ సంగతి చెబితే ఎగ్జామినర్‌కు మీరు చదివారని తెలుస్తుంది.

దారం ఊడిపోయి ఖాళీగా ఉన్న కైనెటోకోర్ ఊరుకోదు. ఎంపీఎస్1 అనే ఇంకో కైనేజ్ అక్కడ ఫాస్ఫేట్ పెడితే బబ్, మ్యాడ్ ప్రొటీన్‌లు వచ్చి చేరతాయి, చివరికి మ్యాడ్2 వెళ్లి సీడీసీ20ని పట్టుకుంటుంది. సీడీసీ20 చిక్కుబడితే సెక్యూరిన్ నాశనం కాదు, అది ఉన్నంతవరకు సెపరేస్ కత్తెర తెరుచుకోదు, కోహెసిన్ తెగదు, పంపకం ఆగుతుంది. ఈ మ్యాడ్, బబ్ జీన్‌లు రెండూ 1991లో ఈస్ట్‌లోనే దొరికాయి, మైక్రోట్యూబ్యూల్‌లను చెడగొట్టే బెనోమిల్ మందు పెట్టినా ఆగకుండా విడిపోయి చచ్చిపోయే మ్యుటెంట్లను, అంటే జీన్ చెడిన ఈస్ట్ రకాలను, వెతికి పట్టుకున్నారు.

ఆ బెనోమిల్‌తోనే నాకు పెద్ద దెబ్బ తగిలింది. మ్యాడ్2 జీన్ తీసేసిన స్ట్రెయిన్ (ఈస్ట్ రకం) బెనోమిల్ ప్లేట్ మీద పెరగకూడదు. నాకు మామూలు ఈస్ట్‌తో సమానంగా పెరిగింది. మూడు వారాలు స్ట్రెయిన్‌నే అనుమానించాను, జీన్ నిజంగా పోయిందో లేదో చూసే పీసీఆర్ మీద పీసీఆర్ చేశాను, యలహంకలో రూముకు వెళ్లాక కూడా అదే టెన్షన్, నిద్ర పట్టేది కాదు. చివరికి ల్యాబ్‌లో మా గుంటూరు అక్క ప్లేట్ తీసుకుని ట్యూబ్‌లైట్‌కు అడ్డంగా పట్టి, "ఇదేంట్రా, అడుగున రవ్వలా తెల్లగా?" అంది. చూస్తే నిజంగానే ఉప్మా రవ్వంత పలుకులు. యాంటీబయాటిక్ కలిపే అలవాటులో అగార్ (ప్లేట్‌లో పోసే మీడియా) చెయ్యి పట్టేంత చల్లారాక బెనోమిల్ పోశాను. అది చల్లటి దాంట్లో కరగదు, గడ్డకట్టి కింద కూర్చుంటుంది. మీడియా బాగా వేడిగా ఉండగానే కొద్దికొద్దిగా పోస్తూ తిప్పుతూ ఉండాలి. అలా చేసిన మొదటి ప్లేట్ మీదే మ్యాడ్2 లేని స్ట్రెయిన్ చచ్చిపోయింది. ఆ రాత్రి అనంతపురం ఫోన్ చేసి నాన్నకు చెబితే, వేరుశనగ విత్తనశుద్ధికి వాడే కార్బెండజిమ్ ఎలా పనిచేస్తుందని అడిగాడు. బెనోమిల్ నీళ్లలో విడిపోతే వచ్చేది కార్బెండజిమ్మే, బూజు కణాల్లో దెబ్బతీసేదీ ఈ దారాలనే. నా పని నాన్నకు అర్థమయ్యేలా చెప్పగలిగిన మొదటి రోజు అది.

బయటి కబుర్లకూ ఇక్కడ చోటుంది. ఆల్ఫా ఫ్యాక్టర్ అనే ఫెరోమోన్ తగిలితే ఫార్1 అనే ప్రొటీన్ ద్వారా కణాలు డీఎన్ఏ కాపీ మొదలు కాకముందే ఆగిపోతాయి. ఆహారం కరువైతే డిప్లాయిడ్ కణాలు (ప్రతి క్రోమోజోమూ రెండేసి ఉన్నవి) మియోసిస్ దారి, అంటే ఆ సంఖ్యను సగం చేసే విభజన దారి, పడతాయి, అప్పుడు పంపకం నియమాలే మారతాయి. మీ ప్రాజెక్టుకు ఆల్ఫా ఫ్యాక్టర్ చాలు, కణాలన్నిటినీ ఒకే గీత మీద నిలబెట్టి, కడిగేసి, ఒకేసారి వదలడానికి.

నేను చూసిన వాటిలో మర్చిపోలేనిది ఐపీఎల్1-321 స్ట్రెయిన్. 25 డిగ్రీల దగ్గర మామూలుగా ఉంటుంది, 37కు మారిస్తే ఐపీఎల్1 పనిచేయదు. ఒక క్రోమోజోమ్ సెంట్రోమియర్ పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగేలా చేసుకున్నాం. మామూలు కణం విడిపోతే తల్లి కణంలో ఒక చుక్క, దాని మీంచి మొలిచే కొత్త కణంలో, అంటే మొగ్గలో, ఒక చుక్క. 37 దగ్గర మాత్రం రెండు చుక్కలూ ఒకే వైపు, అదీ ఎక్కువసార్లు మొగ్గలో, తల్లి చీకటిగా. కారణం 2002లోనే తేల్చారు: మొదట్లో రెండు కైనెటోకోర్‌లూ పాత ధ్రువాన్నే పట్టుకుని ఉంటాయి, ఆ పాత ధ్రువమే మొగ్గలోకి వెళుతుంది, విప్పేవాళ్లు లేకపోతే అన్నీ దాని వెంటే పోతాయి.

మీరు చెన్నైలో ఉన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. బెంగళూరులో బెంచ్ మీద వదిలేసినా ఈ స్ట్రెయిన్‌కు ఏడాదిలో చాలా నెలల్లో వేడి ఇబ్బంది రాదు. చెన్నైలో ఏసీ ఆగిన గదిలో 32 దాటితే కణాలు చావకుండానే క్రోమోజోమ్‌లు అటూ ఇటూ అయిపోతాయి, పైకి ఏమీ కనపడదు, మీరు మాత్రం వేరే స్ట్రెయిన్‌తో పని చేస్తుంటారు. ప్రతి ప్రయోగానికీ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోని స్టాక్ నుంచి కొత్తగా ప్లేట్ మీద స్ట్రీక్ చేసుకోండి (గీసి పెంచుకోండి), 25 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో థర్మామీటర్ విడిగా ఒకటి పెట్టుకోండి, డిస్‌ప్లే అంకెను నమ్మకండి.