కాల్షియం మాత్రల కంటే ముందు ఆపరేషన్ కాగితం చూడండి

రాజాం నుంచి అడిగిన చెల్లెమ్మకి. వయసు 46, నలభై దాటగానే గర్భసంచి తీసేశారు, ఈమధ్య నడుము లాగేస్తోంది, కాల్షియం మాత్రలు వేసుకుంటే సరిపోతుందా అని కదా అడిగారు. మాత్రల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ ఆపరేషన్ డిశ్చార్జి కాగితం బయటికి తీయండి. అందులో బి.ఎస్.ఓ. (BSO) అని ఉంటే గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసినట్టు. ఎముకని కాపాడే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ముఖ్యంగా వాటి నుంచే వస్తుంది. అవి పోయిన రోజే మెనోపాజ్, అంటే ముట్లు ఆగిపోయే దశ, వచ్చేసినట్టు లెక్క. ఉంచినా కొందరికి అవి మామూలు కంటే ముందే పనిచేయడం మానేస్తాయి. కాగితం దొరక్కపోతే గైనకాలజిస్టుని అడగండి, స్కానింగ్, రక్తపరీక్షలతో చూస్తారు.

మాది పలాస వైపు. నాకు 39వ ఏట తీశారు. అండాశయాలు కూడా తీసేశామని నాకు గానీ ఇంట్లోవాళ్లకి గానీ ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. కొన్నేళ్లకి పెరట్లో నాచు మీద కాలు జారి చెయ్యి ఆనించానంతే, మణికట్టు విరిగింది. ఈ వయసులో ఇంత తేలిగ్గా విరగకూడదని ఎముకల డాక్టరు గారు ఎముక గట్టితనం కొలిచే డెక్సా స్కాన్‌కి విశాఖపట్నం పంపారు. ఆ స్కాన్‌లో ఎముక గట్టితనాన్ని చెప్పే అంకె, టి-స్కోరు, మైనస్ 2.7 వచ్చింది. మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం, అంటారు. చెయ్యి విరిగేదాకా నాకు ఏ నొప్పీ లేదు. కాబట్టి నడుము నొప్పిని బట్టి ఎముక సంగతి తేలదు, స్కాన్ చేయించుకోవాలా అని డాక్టరునే అడగండి.

తిండికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. మెనోపాజ్ దాటినవాళ్లకి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటుంది భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.). వంద గ్రాముల చోళ్లలోనే (రాగులు) 350 దాకా ఉంటుంది. నేను పొద్దున్నే టిఫిన్ మానేసి చోడి అంబలిలో మజ్జిగ పోసుకుని తాగుతాను. మధ్యాహ్నం పెరుగు, సాయంత్రం నువ్వులతో చేసిన చిన్న చిమ్మిలి ఉండ. మెత్తళ్లు (చిన్న చేపలు) వండినప్పుడు ముళ్లతోనే నమిలేస్తాం.

డి విటమిన్‌కి పొద్దున్న ఏడింటి ఎండ పెద్దగా పనికిరాదు, పదకొండు నుంచి రెండు మధ్య ఎండ కాసేపు చేతులకీ కాళ్లకీ తగలాలి. మా వైపు జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పొద్దంతా నీడలో కూర్చునే ఆడవాళ్లు ఎంతమందో! పల్లెలో ఉన్నాం కదా, ఎండకి లోటేముంది అనుకోవద్దు. నడక, మెట్లెక్కడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, ఇవి రోజూ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లకి చుట్ట, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు ఉంటే మాన్పించండి, పొగాకు ఎముకనీ తినేస్తుంది.

ఇక మాత్రలు. మీ వాళ్లు కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఉంటే, అంటే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వాళ్లయితే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా కాల్షియం గానీ డి విటమిన్ గానీ మొదలుపెట్టనివ్వకండి. 60,000 యూనిట్ల డి విటమిన్ మందుల షాపులో ఇచ్చేస్తున్నారని వారం వారం సొంతంగా వేసేసుకోవడం ఎవరికీ మంచిది కాదు. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే దానికీ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉంచండి. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకండి.