చిన్న ఔట్‌బోర్డ్ (వెనక తగిలించే ఇంజన్) బోటు ముక్కు పైకి లేస్తుంటే ఏం చేయాలి?

పళవేర్కాడులో మీ 14 అడుగుల ఫైబర్ బోటు, యాక్సిలరేటర్ ఇవ్వగానే ముక్కు లేచి ముందు ఏమీ కనపడట్లేదు అన్నారు కదా, ఇంజన్‌ని తిట్టే ముందు వెనక ఏమేం పెట్టారో ఒకసారి చూడండి. 9.9 హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ ఒక్కటే 40 కేజీల దాకా ఉంటది, 25 లీటర్ల పెట్రోల్ అంటే ఇంకో 18 కేజీలు, దాని పక్కనే బ్యాటరీ, ఆపైన మీరు కూడా అక్కడే కూర్చుంటే లేవక ఏం చేస్తుంది?

ట్యాంకు, బ్యాటరీ, లంగరు ముందుకి జరిపి కదలకుండా కట్టేయండి, ఫ్యూయెల్ హోస్ పొడవుది కావాలి అంతే. ఒక్కరే వెళ్తే టిల్లర్‌కి (ఇంజన్‌ని తిప్పే చేతి కడ్డీ) ఎక్స్‌టెన్షన్ వేసుకుని మధ్య సీటుకి రండి, దీంతోనే సగం తేడా తెలుస్తుంది. కిల్ స్విచ్ తాడు (మీరు పడిపోతే ఇంజన్ ఆపేది) మాత్రం అక్కడిదాకా అందాలి, అది మర్చిపోవద్దు.

ఇంకా లేస్తుంటే ఇంజన్ ఆపి, టిల్ట్ పిన్ను (ఇంజన్ వంపుని పట్టి ఉంచే పిన్ను) బోటు వైపు ఒక హోల్ దగ్గరికి మార్చండి. పిన్నుని మరీ బోటు వైపుకి తోసేస్తే ముక్కు అలలో గుచ్చుకుని బోటు పక్కకి లాగుద్ది. అడుగున చేరిన నీళ్లు కూడా బరువే, ముందు అవి తోడేయండి.