రాజ్మాకు సన్నసెగ పనికిరాదు

చి. పాపకు పెద్దమ్మ ఆశీస్సులు.

రాత్రి పడుకునే ముందు రాజ్మా గింజలు ఆ కొత్త ఎలక్ట్రిక్ కుక్కర్లో వేసి సన్నసెగన వదిలేస్తే తెల్లారేసరికి కూర సిద్ధమవుతుందని నిన్న ఫోనులో చెప్పావు. అప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. ఆ పని చేయకు తల్లీ.

ఉలవచారు చూసి పెరిగినవాళ్లం కాబట్టి మనకు సన్నసెగ మీద నమ్మకం ఎక్కువ. కుంపటి మీద గంటల తరబడి మరిగితేనే దానికి రుచి. కానీ చారు కుంపటి ఎక్కేసరికే ఉలవలు పెద్ద మంట మీద కుతకుతా ఉడికిపోయి ఉంటాయి. రాజ్మాకూ ముందు ఆ పెద్ద మంట కావాలి. వరి కోతలప్పుడు మన చేలలో చల్లే మినుము, పెసరలతో దీన్ని పోల్చకు. పచ్చి ఎర్ర రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం చాలా ఎక్కువ. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, మూడు గంటల లోపే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. 80 డిగ్రీలు దాటని వేడిలో గింజ మెత్తబడుతుంది గానీ విషం పోదు, పైగా పెరగవచ్చు కూడా.

ఒక సంక్రాంతికి పిల్లలు అడిగారని నేనే వండాను. గ్యాస్ అయిపోవస్తోందని మంట తగ్గించాను. గింజ నొక్కి చూస్తే పైన మెత్తగా ఉంది, మధ్యలో తెల్లటి పలుకు తగిలింది. తెలిసీ వడ్డించాను. రెండు గంటలు తిరక్కుండానే చిన్నవాడు వాంతులతో వాలిపోయాడు. చీకటి పడేదాకా వాడికి చెంచాతో ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టిస్తూ కూర్చున్నాను. ఆ పలుకు ఇప్పటికీ నా వేళ్లకు గుర్తుంది.

అందుకని గింజలను రాత్రంతా నానబెట్టు, కనీసం 5 గంటలైనా నానాలి. ఆ నీళ్లు కూరలో పోయకు, పారబోసి గింజలు కడుగు. కొత్త నీళ్లు పోసి పెద్ద మంట మీద పెట్టు. నీళ్లు తెర్లడం మొదలయ్యాకే గడియారం చూసుకో. 10 నిమిషాలు తప్పనిసరి, నేనైతే అరగంట ఉంచుతాను. ఆ తర్వాత నీ కుక్కర్లో ఎంతసేపు ఉంచినా నాకు బెంగ లేదు. మామూలు ప్రెషర్ కుక్కర్ అయితే మరీ మంచిది, అందులో వేడి 100 డిగ్రీలు దాటుతుంది. గింజను రెండు వేళ్ల మధ్య నలిపితే లోపలిదాకా వెన్నలా నలగాలి. ఉడికీ ఉడకని గింజ రుచి చూడకు, పిల్లలకు అసలే పెట్టకు. పెసర మొలకల్లా రాజ్మా మొలకలు పచ్చివి తినడం కూడా వద్దు.

పెరటి చిక్కుడు ముదిరి ఎండిన గింజలు నీకోసం దాచాను. వాటిలో ఉండే విషం వేరు, అది ఆవిరితో పోతుంది. వాటిని కూడా నానబెట్టి ఆ నీళ్లు పారబోయి. ఉడికించేటప్పుడు మాత్రం గిన్నె మీద మూత పెట్టకు.

ఇట్లు,
పెద్దమ్మ